ఏడీ 8232 ఈసీజీ బోర్డు: గుండె కణాల కరెంటును ఎంతవరకు చూపిస్తుంది, ఎక్కడ దాస్తుంది

ఏడీ 8232 చిప్‌తో వచ్చే చిన్న ఈసీజీ బోర్డు మూడు తీగల కేబులు, మూడు ఎలక్ట్రోడ్లతో కలిపి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. విశాఖలో ఇంజినీరింగ్ ప్రాజెక్టులకైనా, బీఎస్సీ ల్యాబుకైనా, స్కూలు సైన్సు ఫెయిర్‌కైనా ముందు గుర్తొచ్చేది ఇదే. కొన్నవాళ్ళలో చాలామంది తెర మీద గీత ఎగిరి పడగానే పని అయిపోయిందనుకుంటారు. ఇంకొందరు గీత మందంగా వణుకుతుంటే బోర్డు పాడైందని పక్కన పడేస్తారు. రెండు రకాల వాళ్ళకూ నష్టమే. సరిగ్గా వాడితే, బతికున్న కణంలో కరెంటు ఎలా పుడుతుందో, ఆ కణం నుంచి పక్క కణానికి ఎలా పాకుతుందో మన ఒంటి మీదే చూపించగలిగే పరికరం ఈ ధరలో ఇంకోటి లేదు. కానీ లోపలి ఫిల్టర్లు కొన్ని సంగతుల్ని చూపించి కొన్నింటిని మింగేస్తాయి. ఏవి మింగేస్తాయో తెలియకుండా వాడితే మాత్రం ఇదే బోర్డు తప్పు పాఠం నేర్పుతుంది.

ముందుగా ఒక మాట. ఇది వైద్య పరికరం కాదు. పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌లో తయారయ్యే పరికరాలకు ఉండే భద్రతా పరీక్షలు, ధ్రువీకరణ దీనికి లేవు. ఛాతీలో నొప్పి వస్తే ఈ గీత చూసుకుంటూ కూర్చోకూడదు, నేరుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్ళాలి. ఈ బోర్డు అలాంటి నిర్ణయాలకు ఎందుకు పనికిరాదో కింద లెక్కతో సహా చెబుతాం.

బోర్డు గొప్పతనం తెలియాలంటే అది ఏ సిగ్నల్‌ని పట్టుకోవాల్సి వస్తోందో తెలియాలి. గుండె కండరపు కణం లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటుంది, బయట 4. సోడియం దీనికి తిరగబడి బయట 140, లోపల 12 దాకా ఉంటుంది. ఈ తేడాను నిలబెట్టేది కణం పొరలోని పంపు. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది, అందుకు కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. కణం విశ్రాంతిలో ఉన్నప్పుడు ప్రధానంగా పొటాషియం దారులే తెరిచి ఉంటాయి. పొటాషియం బయటికి జారిపోతుంటే లోపల రుణావేశం మిగులుతుంది, అది తిరిగి పొటాషియాన్ని లోపలికి లాగుతుంది. ఈ రెండు లాగుళ్ళూ సమానమయ్యే వోల్టేజీని నెర్న్‌స్ట్ సూత్రంతో లెక్కకట్టవచ్చు. 37 డిగ్రీల దగ్గర 61.5ని 4/140 లాగరిథంతో గుణిస్తే మైనస్ 95 మిల్లీవోల్టులు వస్తుంది. కొలిస్తే గుండె కణంలో మైనస్ 90 దగ్గర కనిపిస్తుంది, ఎందుకంటే సోడియం కూడా కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. రక్తంలో పొటాషియం 4 నుంచి 8కి పెరిగితే అదే సూత్రం మైనస్ 76 ఇస్తుంది. కిడ్నీ రోగుల పొటాషియం రిపోర్టు కోసం డాక్టర్లు ఎందుకంత తొందరపడతారో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

పక్క కణం నుంచి వచ్చిన కరెంటు ఈ కణాన్ని మైనస్ 65 దాకా లేపితే సోడియం ఛానెళ్ళు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఒకటి రెండు మిల్లీసెకన్లలో వోల్టేజీ ప్లస్ 20, 30 దాకా ఎగబాకుతుంది. వెంటనే అవే ఛానెళ్ళు తమంతట తామే మూసుకుని, వోల్టేజీ మళ్ళీ బాగా దిగేదాకా తెరుచుకోవు. సిగ్నల్ వెనక్కి తిరగకుండా ముందుకే ఎందుకు పోతుందో ఇందులోనే ఉంది. నరంలో అయితే ఇంతటితో పొటాషియం బయటికి పోయి కథ ముగుస్తుంది. గుండె కణంలో కాల్షియం లోపలికి రావడం మొదలై, పోయే పొటాషియంతో సరితూగుతూ రెండు వందల మిల్లీసెకన్లకు పైగా వోల్టేజీని సున్నా దగ్గర పట్టి ఉంచుతుంది. కండరాన్ని బిగించేదీ ఆ కాల్షియమే.

పక్క కణానికి పాకడం ఎలా? గుండె కణాలు ఒకదానికొకటి గ్యాప్ జంక్షన్లతో అతుక్కుని ఉంటాయి, అంటే రెండు కణాల పొరల్నీ కలుపుతూ సన్నటి ప్రోటీన్ గొట్టాలు ఉంటాయి. లేచిన కణం నుంచి ధన అయాన్లు ఈ గొట్టాల గుండా పక్క కణంలోకి కారి దాన్నీ మైనస్ 65 దాకా లేపుతాయి. అది తన సోడియం ఛానెళ్ళతో మళ్ళీ పూర్తి ఎత్తు సిగ్నల్ తయారు చేసుకుంటుంది. అందుకే ఎంత దూరం పోయినా సిగ్నల్ నీరసించదు. ఈ లెక్కంతా మొదట కుదిరింది గుండెలో కాదు, మన ఫిషింగ్ హార్బర్‌లో బుట్టల కొద్దీ దిగే స్క్విడ్ లాంటి జీవిలో. దాని శరీరంలో మిల్లీమీటరు దాకా మందం ఉండే నరపు పోగు ఉంటుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే బ్రిటన్ శాస్త్రవేత్తలు దానిలోపలికే ఎలక్ట్రోడ్ తీగ దింపి కొలిచి 1952లో సమీకరణాలు ప్రచురించారు, 1963లో నోబెల్ అందుకున్నారు.

ఇక అసలు చిక్కు. కణం లోపల మార్పు 110 మిల్లీవోల్టులు ఉంటే, చర్మం మీద బోర్డుకు దక్కేది ఒక మిల్లీవోల్టు. మిగతాదంతా దారిలో నీరుగారిపోయిందని చాలామంది అనుకుంటారు. అదొక్కటే కారణం కాదు. చర్మం మీది ఎలక్ట్రోడ్ కణం లోపలి వోల్టేజీని చూడనే చూడదు. లేచిన కణాలకూ ఇంకా లేవని కణాలకూ మధ్య ఉండే సరిహద్దును మాత్రమే చూస్తుంది. వరి మడిలో నీళ్ళు పారిస్తున్నప్పుడు తడికీ పొడికీ మధ్య కదిలే అంచు ఉంటుంది చూడండి. మడంతా పొడిగా ఉన్నా అంచు ఉండదు, మడంతా తడిసిపోయినా అంచు ఉండదు. గుండెలోనూ అంతే. కణాలన్నీ విశ్రాంతిలో ఉంటే గీత చదును. కణాలన్నీ లేచి సున్నా దగ్గర నిలబడి ఉన్నా గీత చదునే. అంచు కదులుతున్నంతసేపే గీత లేస్తుంది. ఈసీజీ పాఠాలన్నింటిలోకీ పిల్లలకు సరిగ్గా చేరనిది ఈ సంగతే, ఈ బోర్డుతో కళ్ళెదుట చూపించగలిగేదీ ఇదే.

ఇప్పుడు బోర్డులోకి వద్దాం. చిప్ తయారుచేసింది అనలాగ్ డివైసెస్, 2012లో వచ్చింది. సరఫరా 2 నుంచి 3.5 వోల్టులు, చిప్ తాగే కరెంటు 170 మైక్రోఆంపియర్లు మాత్రమే. లోపలి మొదటి యాంప్లిఫయర్ వంద రెట్లు పెంచుతుంది, తర్వాతి దశ పదకొండు రెట్లు, వెరసి 1100 రెట్లు. ఒక మిల్లీవోల్టు 1.1 వోల్టుగా బయటికొస్తుంది. ఎలక్ట్రోడ్ల మధ్య 300 మిల్లీవోల్టుల దాకా స్థిరమైన తేడా ఉన్నా మొదటి దశ తట్టుకుంటుంది, ఈ ధరకు ఇది నిజంగా మెచ్చుకోదగ్గ పని. మామూలుగా దొరికే బోర్డు మీద 0.5 హెర్ట్జ్ కింద కోసే ఫిల్టరు, 40 హెర్ట్జ్ పైన కోసే ఫిల్టరు అమర్చి ఉంటాయి. మూడో ఎలక్ట్రోడ్, అంటే కుడికాలిది, కొలవడానికి కాదు. ఒంటి మీదికి ఎక్కిన మెయిన్స్ రొదను తిప్పి ఒంటికే పంపి తగ్గించడానికి. అది ఊడితే గీత బాగుపడదు.

సిగ్నల్ మంచీచెడ్డా సగం ఎలక్ట్రోడ్ దగ్గరే తేలిపోతుంది. ఒంట్లో కరెంటు మోసేవి అయాన్లు, తీగలో మోసేవి ఎలక్ట్రాన్లు. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే చోటు కావాలి. వెండి, సిల్వర్ క్లోరైడ్ పూత ఉన్న ఎలక్ట్రోడ్‌లో జెల్‌లోని క్లోరైడ్ అయాను వెండితో కలిసి సిల్వర్ క్లోరైడ్ అయి ఒక ఎలక్ట్రాన్ వదులుతుంది, ఎదురు దిశలోనూ అంతే సులువుగా జరుగుతుంది. నాణేలు, స్టీలు స్పూన్లు, అల్యూమినియం రేకు వాడితే ఈ మార్పిడి సాఫీగా సాగదు. ఆవేశం పేరుకుపోయి గీత పైకీ కిందికీ తేలుతుంది. బోర్డుతోపాటు వచ్చే మూడు ఎలక్ట్రోడ్లు ఒకటి రెండు సార్లకే సరి. కేజీహెచ్ పరిసరాల సర్జికల్ షాపుల్లో ఈసీజీ ఎలక్ట్రోడ్లని అడిగితే యాభై ఉన్న ప్యాకెట్లు ఇస్తారు. కొనేముందు గడువు తేదీ చూడండి. జెల్ ఎండిపోయిన ఎలక్ట్రోడ్ అంటుకుంటుంది గానీ సిగ్నల్ ఇవ్వదు. మూడూ ఒకే ప్యాకెట్లోవి వాడాలి. పాతది ఒకటి, కొత్తది ఒకటి కలిపితే వాటి సొంత వోల్టేజీల్లో తేడా వచ్చి గీత నిలవదు.

చర్మాన్ని సిద్ధం చేయడం అరనిమిషం పని, కానీ దాన్ని వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గరుకు గుడ్డతో నాలుగైదుసార్లు రుద్దాలి. పైనున్న చచ్చిన పొర పలచబడుతుంది. వెంట్రుకలు ఉన్నచోట అంటించకూడదు. విశాఖ ఉక్కపోతలో ఇంకో బెడద ఉంది. చెమట ఉప్పునీరే కాబట్టి కరెంటుకు మంచిదేనని అనుకోవచ్చు గానీ, అది జిగురు కిందికి చేరి ఎలక్ట్రోడ్‌ని జారుస్తుంది, గీతను ఊగిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద పది నిమిషాలు కూర్చుని ఒళ్ళు ఆరాకే మొదలుపెట్టాలి.

కనెక్షన్లు తేలికే. సిగ్నల్‌ని చదివి ల్యాప్‌టాప్‌కి పంపడానికి ఆర్డ్యునో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడతాం. బోర్డు 3.3 వోల్టుల పిన్ను ఆర్డ్యునో ఊనో 3.3కి, గ్రౌండ్ గ్రౌండ్‌కి, అవుట్‌పుట్ ఏ0కి, ఎలక్ట్రోడ్ ఊడితే తెలిపే ఎల్‌ఓ ప్లస్ 10కి, ఎల్‌ఓ మైనస్ 11కి. ఎస్‌డీఎన్ పిన్ను వదిలేయవచ్చు, అది గ్రౌండ్‌కి తగిలితే మాత్రం చిప్ ఆగిపోతుంది. ఇక్కడ జరిగే పెద్ద తప్పు 5 వోల్టులకు కలపడం. 3.5 దాటితే చిప్ పని అయిపోయినట్టే, అలా కలిపిన బోర్డు ఒక్కోసారి చావకుండా అడ్డదిడ్డమైన గీత ఇస్తూ రోజులు తినేస్తుంది. పిన్నుల పట్టీ విడిగా వస్తుంది, టంకం పెట్టాల్సిందే. ఊరికే గుచ్చి బ్రెడ్‌బోర్డు మీద నిలబెడితే ముట్టుకున్నప్పుడల్లా గీత ఎగురుతుంది.

కేబులు రంగుల్ని అస్సలు నమ్మకండి. ఒక కట్టలో ఎరుపు కుడిచేతిదైతే ఇంకో కట్టలో అదే ఎరుపు కుడికాలిది. మల్టీమీటరును బీప్‌లో పెట్టి, కేబులు జాక్‌లో గుచ్చి, ఒక మొనను బోర్డు మీది ఆర్ఏ (కుడి చెయ్యి), ఎల్ఏ (ఎడమ చెయ్యి), ఆర్ఎల్ (కుడి కాలు) ప్యాడ్ల మీద, రెండోదాన్ని బటన్ మీద ఆనించి చూసుకుని పేర్లు రాసి అంటించుకోండి. పెట్టే చోట్లు: కుడి భుజం ఎముక కింద ఆర్ఏ, ఎడమ వైపు ఎల్ఏ, కుడి పక్కటెముకల అడుగున ఆర్ఎల్. మణికట్టుల మీద పెడితే చూపించడానికి సులువు గానీ చేతి కండరాల రొద కలుస్తుంది, ప్రతి గుండె చప్పుడులో మొదట వచ్చే, అసలే చిన్నదైన పీ తరంగం అందులో మునిగిపోతుంది.

ల్యాప్‌టాప్ తప్పనిసరిగా బ్యాటరీ మీదే నడవాలి, ఛార్జరు గోడ నుంచి తీసేసి ఉండాలి. చిప్ ముందున్న పెద్ద నిరోధాలు బోర్డు నుంచి ఒంట్లోకి పోయే కరెంటును మైక్రోఆంపియర్లకు పరిమితం చేస్తాయి, నిజమే. కానీ చవక ఛార్జరులో లోపం వచ్చి మెయిన్స్ లోపలికి దూరితే వాటి మీద ఆధారపడలేం. ఛాతీ మీద తడి జెల్‌తో మూడు ఎలక్ట్రోడ్లు పెట్టుకున్న మనిషికి చర్మం ఇచ్చే రక్షణ కూడా పోయి ఉంటుంది. పిల్లలతో చేయించేవాళ్ళు ఈ నియమంలో ఏ సడలింపూ ఇవ్వొద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ మీద అసలే పెట్టొద్దు.

నెట్‌లో అందరూ దించుకునే ప్రోగ్రాములో సీరియల్ వేగం, అంటే ఆర్డ్యునో నుంచి ల్యాప్‌టాప్‌కి సెకనుకు పోయే బిట్లు, 9600. ఇది చాలదు. మూడంకెల విలువ ఒకటి, లైను ముగింపు కలిపి అయిదు అక్షరాలు, అంటే యాభై బిట్లు. ఒక్కో విలువకు అయిదు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, అదీ సమానంగా పడదు. వేగాన్ని 115200 చేసి, డిలే తీసేసి, మైక్రోస్ గడియారంతో కచ్చితంగా ప్రతి 4 మిల్లీసెకన్లకు ఒక శాంపిల్ తీయండి. సెకనుకు 250 వస్తాయి. ఈ 250కి ఒక ప్రత్యేకత ఉంది. మన మెయిన్స్ 50 హెర్ట్జ్. బోర్డు మీది 40 హెర్ట్జ్ ఫిల్టరు 60 హెర్ట్జ్ దేశాల్లో కొంత మెరుగ్గా పనిచేస్తుంది గానీ, మన 50 దానికి మరీ దగ్గర. రెండు దశల ఫిల్టరు లెక్క వేస్తే రొదలో సుమారు సగం మిగిలిపోతుంది. సెకనుకు 250 తీస్తున్నప్పుడు వరుసగా అయిదు శాంపిళ్ళ సగటు తీసుకుంటే అది సరిగ్గా 20 మిల్లీసెకన్లు, మెయిన్స్ ఒక పూర్తి చుట్టు. పైకి పోయిందీ కిందికి పోయిందీ కొట్టుకుపోయి 50 హెర్ట్జ్ పూర్తిగా మాయమవుతుంది. నాలుగు లైన్ల ప్రోగ్రాము. ఆర్ శిఖరం, అంటే గీతలో అన్నిటికంటే ఎత్తైన సూది, కొద్దిగా పొట్టిదవుతుంది, ఆ మూల్యం చెల్లించవచ్చు. ఆర్డ్యునో సాఫ్ట్‌వేర్ 2 తొలి వెర్షన్లలో గీత గీసే ప్లాటర్ తెర మీద 50 బిందువులే చూపిస్తుంది, అందులో ఒక్క గుండె చప్పుడు కూడా పట్టదు. పాత 1.8 ప్లాటర్‌లో 500 పడతాయి, అంటే రెండు సెకన్లు.

గీతను చూసి లోపాన్ని పట్టుకోవచ్చు. ఊనోలో 5 వోల్టుల కొలమానం మీద ఆరోగ్యకరమైన గీత 338 చుట్టూ ఉండాలి, అది 3.3లో సగమైన 1.65 వోల్టులు. 675 దగ్గరో, సున్నా దగ్గరో అతుక్కుపోతే ఎలక్ట్రోడ్ ఊడింది లేదా కేబులు తెగింది. గీత మందంగా పట్టీలా ఉంటే 50 హెర్ట్జ్, ముందు ఆర్ఎల్ నొక్కి చూడండి, తర్వాత కేబులు ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కన ఉందేమో చూడండి. గీత మెల్లగా అలలా ఊగితే ఊపిరి, చెమట, లేదా ఫ్యాను గాలికి ఊగే తీగ. తీగను చొక్కాకు టేపుతో అంటిస్తే చాలావరకు తగ్గుతుంది. ఆర్ శిఖరం కిందికి దిగితే ఆర్ఏ, ఎల్ఏ తారుమారు. సన్నటి గడ్డిలాంటి ముళ్ళు ఉంటే భుజాలు బిగబట్టారు, చేతులు ఒళ్ళో పెట్టుకోమనండి. 5 వోల్టుల కొలమానంలో ఒక మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. 3.3 వోల్టుల్ని కొలమానాన్ని నిర్ణయించే ఏరెఫ్ పిన్నుకు కలిపితే 3.2కి తగ్గుతుంది. అలా కలిపేముందు ప్రోగ్రాములో బయటి రిఫరెన్స్ వాడుతున్నామని రాసి ఎక్కించాలి, లేకపోతే చిప్ లోపలి రిఫరెన్స్‌కూ బయటిదానికీ షార్ట్ అవుతుంది.

ఇప్పుడు ఒక్క గుండె చప్పుడును శాంపిళ్ళతో లెక్కపెట్టుకుంటూ నడుద్దాం. ఒక్కో శాంపిల్ 4 మిల్లీసెకన్లు. మొదటి చిన్న గుట్ట పీ, ఇరవై, పాతిక శాంపిళ్ళు. కుడి కర్ణిక పైభాగాన ఉన్న సైనస్ నోడు కణాలకు స్థిరమైన విశ్రాంతి లేదు. మైనస్ 60 దాకా దిగగానే సోడియం మెల్లగా లోపలికి కారే ప్రత్యేక ఛానెళ్ళు తెరుచుకుంటాయి, వోల్టేజీ దానంతటదే మైనస్ 40కి పాకి కాల్షియంతో పేలుతుంది. అక్కణ్ణుంచి అంచు కర్ణికల మీదుగా పరుగెడుతుంది, అదే పీ. తర్వాత గీత చదునవుతుంది. సిగ్నల్ ఆగలేదు, కర్ణికలకీ జఠరికలకీ మధ్య ఉన్న ఏవీ నోడులోకి వెళ్ళింది. అక్కడ వేగం సెకనుకు సుమారు 5 సెంటీమీటర్లే, కణాలూ తక్కువ, చర్మం దాకా చేరేంత కరెంటు రాదు. జఠరికలు నిండడానికి దొరికే వ్యవధి అదే. పీ మొదలు నుంచి తర్వాత వచ్చే క్యూఆర్ఎస్ అనే సూది మొదలు దాకా ముప్పై నుంచి యాభై శాంపిళ్ళు, అంటే 120 నుంచి 200 మిల్లీసెకన్లు.

ఆ తర్వాత పుర్కింజీ పోగులు సెకనుకు 2 నుంచి 4 మీటర్ల వేగంతో సిగ్నల్‌ని జఠరికల మూలమూలకూ ఒకేసారి చేరవేస్తాయి. అందుకే అంత పెద్ద కండరం మీద అంచు ఇరవై, పాతిక శాంపిళ్ళలోనే పరుగు ముగిస్తుంది. అదే క్యూఆర్ఎస్, నిటారుగా నిలబడే సూది. వెంటనే గీత మళ్ళీ చదును. పిల్లలు ఇక్కడ గుండె విశ్రాంతి తీసుకుంటోందని రాస్తారు. నిజానికి జఠరికల కణాలన్నీ లేచి ఉన్న సమయమిది, కండరం గట్టిగా బిగిసి రక్తాన్ని తోస్తున్న క్షణమిది. మడంతా తడిసింది, అంచు లేదు. ఒక చేతి వేలిని మరో చేతి నాడి మీద పెట్టి తెర చూడమనండి. సూది లేచిన కాసేపటికి, చదును గీత మీద ఉండగా నాడి తగులుతుంది. పాఠం అక్కడే బుర్రకెక్కుతుంది.

ఆఖరున టీ. కణాలు ఒక్కొక్కటీ మైనస్ 90కి దిగుతాయి. ముందు లేచినవి ముందు దిగితే టీ తలకిందులుగా రావాలి. కానీ నిటారుగా వస్తుంది, ఎందుకంటే గుండె బయటి పొర కణాలు చివర లేచినా వాటి సిగ్నల్ పొట్టిది, ముందే దిగిపోతాయి. అంచు దిశ తిరగబడుతుంది, ఆవేశాల దిశ కూడా తిరగబడుతుంది, రెండు తిరగబాట్లు కలిసి గీత మళ్ళీ పైకే లేస్తుంది.

ఈ బోర్డు దాచేది సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. గుండెపోటులో డాక్టరు చూసేది క్యూఆర్ఎస్‌కీ టీకీ మధ్య ఉన్న ఆ చదును గీత ఎంత పైకి లేచిందో, ఎంత దిగిందో. అది మెల్లని మార్పు. ఆసుపత్రి ఈసీజీ యంత్రం 0.05 నుంచి 150 హెర్ట్జ్ దాకా వదులుతుంది. ఈ బోర్డు 0.5 దగ్గరే రెండు దశల్లో కోసేస్తుంది. అందువల్ల పెద్ద సూది తర్వాత గీత దానంతటదే కిందికి ఈడ్చుకుపోవచ్చు, లేని దిగుడు కనిపించవచ్చు, ఉన్న లేవడం మాయం కావచ్చు. కాబట్టి దీన్లో ఎస్‌టీ, అంటే ఆ చదును గీత, చూసి ఎవరికీ ఏమీ చెప్పకూడదు. చప్పుళ్ళ మధ్య వ్యవధి, పీ నుంచి క్యూఆర్ఎస్ దాకా పట్టే సమయం లాంటి కాలపు కొలతలకు నమ్మవచ్చు, ఎత్తుపల్లాల కొలతలకు వద్దు.

కండరాల సిగ్నల్ కోసం కొనేవాళ్ళూ ఉన్నారు. వద్దు. కండరపు సిగ్నల్ బలమంతా 50 నుంచి 150 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది, ఫిల్టరు దాన్నే కోస్తుంది. పిడికిలి బిగిస్తే గీత గజిబిజి అవుతుంది, అంతే. కంటి కదలికలు కొంత కనిపిస్తాయి. కన్ను ఒక పక్కకు తిప్పి అలాగే ఉంచినా గీత మూడో వంతు సెకనులోనే సున్నాకు జారడం మొదలుపెడుతుంది, అదీ 0.5 ఫిల్టరు పనే. అత్తిపత్తి ఆకుకు తగిలించాలని సైన్సు ఫెయిర్ పిల్లలు ముచ్చటపడతారు. జగదీశ్ చంద్ర బోస్ చూపించినట్టు ఆ మొక్కలోనూ నిజంగానే విద్యుత్ సిగ్నల్ పుడుతుంది, సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగంతో కాడ గుండా పాకుతుంది, ఆకులు ముడుచుకునేది దానివల్లే. కానీ అది పదుల మిల్లీవోల్టుల ఎత్తు. 1100 రెట్లు పెంచే ఈ బోర్డుకు మిల్లీవోల్టున్నర దాటితే గోడ తగులుతుంది. మొక్కల కోసం అయితే తక్కువ పెంపు, స్థిర వోల్టేజీని వదిలే యాంప్లిఫయరు వేరే కావాలి.

ఒకే ఛానెల్ ఉన్నా చేయగలిగిన మంచి ప్రయోగం ఐంథోవెన్ త్రిభుజం. ఎల్ఏని ఎడమ భుజం దగ్గర, ఆర్ఏని కుడి భుజం దగ్గర పెడితే మొదటి లీడ్, అంటే గుండెను చూసే మొదటి కోణం. ఎల్ఏని ఎడమ పక్కటెముకల అడుక్కి మారిస్తే రెండోది. ఎల్ఏని అక్కడే ఉంచి, ఆర్ఏని ఎడమ భుజానికి తెస్తే మూడోది. ఒక్కోదాన్ని కదలకుండా ఒక నిమిషం రికార్డు చేసి, ఆర్ ఎత్తుల సగటు తీయండి. మొదటిదీ మూడోదీ కూడితే రెండోది దాదాపుగా వస్తుంది. ఒకేసారి తీయలేదు కాబట్టి ఊపిరి వల్ల కొంత తేడా ఉంటుంది. డచ్ శాస్త్రవేత్త ఐంథోవెన్ లైడెన్‌లో ఇదే పనికి వాడిన స్ట్రింగ్ గాల్వనోమీటరు దాదాపు 270 కిలోల బరువు, నడపడానికి అయిదుగురు కావాలి, రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో ముంచి కూర్చునేవాడు. 1924లో ఆయనకు నోబెల్ ఇచ్చింది దీనికే.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో అడగొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వస్తుంది. పేరులేని నకళ్ళలో చిప్ బాగానే ఉన్నా 3.5 మిల్లీమీటర్ల జాక్ వదులుగా రావడం, చిన్న కెపాసిటర్ల దగ్గర టంకం అతుకులు పొడిగా ఉండటం తరచుగా కనిపించే లోపాలు. జాక్‌లో కేబులు గుచ్చి మెల్లగా తిప్పి చూడండి, గీత తెగుతుంటే వెనక్కి ఇచ్చేయండి. పల్స్ సెన్సరు అని వేలికి పెట్టే దీపం బోర్డు దీనికి బదులు కాదు. అది రక్తం నిండడాన్ని కాంతితో చూస్తుంది, అందులో కణాల కరెంటు ఏమీ లేదు. కండరాలు, కళ్ళు, మెదడు కూడా కావాలంటే మన దేశంలోనే తయారవుతున్న బయోయాంప్ ఈఎక్స్‌జీ పిల్ మేలు, దాని పరిధిని మార్చుకోవచ్చు. రెండు ఛానెళ్ళు, 24 బిట్ల నాణ్యత కావాలనుకునే పీజీ విద్యార్థులు ఏడీఎస్ 1292ఆర్ వైపు చూడాలి, ధర ఎక్కువ, ప్రోగ్రామింగ్ కూడా కష్టమే. గుండె ఒక్కటే, మొదటిసారే అయితే ఏడీ 8232 చాలు.

బీచ్‌కి దగ్గరి కాలేజీలకు ఒక జాగ్రత్త. ఉప్పుగాలికి కేబులు చివర ఉన్న బటన్లు, జాక్ లోపలి పట్టీలు పచ్చబడతాయి, ఆ తుప్పే సిగ్నల్‌లో వింత దూకుళ్ళు తెస్తుంది. వాడిన ప్రతిసారీ జెల్ తుడిచి, నెలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో రుద్దండి. తెరిచిన ఎలక్ట్రోడ్ల ప్యాకెట్‌ను మడిచి క్లిప్పు పెట్టి గాలి చొరని డబ్బాలో ఉంచండి. ఏసీ ల్యాబులో తెరిచి వదిలేస్తే జెల్ కొద్దిరోజుల్లోనే ఎండుతుంది. బోర్డును సిలికా జెల్ పొట్లంతోపాటు జిప్ కవరులో పెట్టి, కేబులును మడతలు పడకుండా గుండ్రంగా చుట్టి దాచండి. ఈ కేబులు ముందుగా తెగేది జాక్ మెడ దగ్గరే.